అమ్మకి 71. జ్ఞాపకశక్తికి ఏ మాత్రలు కొనమంటారు?

తెనాలి_అమ్మాయి | ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. అమ్మా నాన్నా తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఏడెనిమిది నెలల నుంచి అమ్మకి మతిమరుపు ఎక్కువైంది. పాలవాడికి డబ్బులిచ్చేసి మళ్లీ పర్సు తీస్తుంది. స్టవ్ మీద పాలు పెట్టి దొడ్లోకి వెళ్లిపోతుంది. ఇవన్నీ వయసుకి మామూలేలే అనుకున్నాను. పండక్కి అరిసెలు వండుతూ, నలభై ఏళ్లుగా చెయ్యి తిరిగిన మనిషి, పాకం గరిట పట్టుకుని "ఇంక దింపేయాలా, ఇంకొంచెం రావాలా?" అని నన్నడిగింది. నన్ను! నాకు భయం వేసింది.

ఆన్‌లైన్‌లో వెతికితే ఒమేగా 3, జింకో చెట్టు ఆకుల సారం, బ్రాహ్మి, పసుపు క్యాప్సూళ్లు, ఇంకా పేరు తిరగనివి ఏవేవో వచ్చాయి. 4,300 రూపాయల సరుకు కార్టులో పెట్టి ఆగాను. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. షుగర్ 12 ఏళ్ల నుంచి ఉంది, బీపీ కూడా. వీటిలో నిజంగా పనిచేసేది ఏది?

డాలస్_బాబాయ్ | ఆదివారం రాత్రి 10:15

అమ్మాయ్, ఆలోచించకు, కొనెయ్. నాకు 68. ఆరేళ్లుగా జింకో, ఫిష్ ఆయిల్ వేసుకుంటున్నాను. రమ్మీలో నన్ను ఓడించినవాడు లేడు. అమ్మ చేప నూనె వద్దంటే నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ, అంటే చేప నూనెలో ఉండే రకం ఒమేగా 3, దొరుకుతుంది, అది శాకాహారమే.

మందుల_కొట్టు | సోమవారం ఉదయం 7:05

బాబాయ్, మీరు గుండెకి స్టెంట్ వేయించుకున్నానని రెండేళ్ల కిందట ఇక్కడే రాశారు. రక్తం పల్చబడే బిళ్ల వాడుతూ ఉంటే జింకో సంగతి మీ కార్డియాలజిస్టుకి చెప్పారా? రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జింకో మీద పెద్ద పరీక్ష అమెరికాలోనే చేశారు, 2008లో ఫలితం వచ్చింది. 75 దాటిన 3,069 మందికి, సగం మందికి 120 మిల్లీగ్రాముల జింకో రోజుకి రెండుసార్లు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర, ఆరేళ్లు. డిమెన్షియా, అంటే మతి మెల్లగా పోయే జబ్బు, వచ్చినవాళ్లు జింకో వైపు 277 మంది, ఉత్తుత్తి మాత్ర వైపు 246 మంది.

అమ్మాయిగారూ, కార్టు అలాగే ఉంచండి. ముందు అమ్మ ఇప్పుడు వేసుకుంటున్న బిళ్లలన్నీ రాయండి. డాక్టర్ రాసినవీ, పక్కింటావిడ చెప్పినవీ, దేన్నీ వదలొద్దు. రాజమండ్రిలో 22 ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను. మతిమరుపుకి మందిమ్మని వచ్చేవాళ్ల సంచీ విప్పితే సగంసార్లు సమాధానం అందులోనే దొరుకుతుంది.

డాలస్_బాబాయ్ | సోమవారం ఉదయం 7:31

ఆకులే కదా, మందు కాదు కదా అని చెప్పలేదయ్యా.

మందుల_కొట్టు | సోమవారం ఉదయం 7:34

గన్నేరు కూడా ఆకే బాబాయ్.

పాత_మాస్టారు | సోమవారం ఉదయం 8:20

మిత్రులారా, మన వంటింట్లోనే వైద్యం ఉండగా సీసాల వెంట పరుగు దేనికి? నాకు 76 ఏళ్లు. రోజూ పసుపు వేసిన పాలు తాగుతాను, వారానికి రెండుసార్లు సరస్వతి ఆకు పచ్చడి. ఇప్పటికీ ఆవర్తన పట్టిక మొత్తం వరుసగా చెప్పగలను. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో అల్జీమర్స్ (ఎక్కువమందికి వచ్చే రకం డిమెన్షియా) చాలా తక్కువని తేలింది. కారణం పసుపే అని చదివాను.

అంకెల_పిచ్చి | సోమవారం ఉదయం 11:02

మాస్టారూ, నమస్కారం. బల్లభ్‌గఢ్ అధ్యయనం నిజమే, 2001లో అచ్చయింది. 65 దాటినవాళ్లు వెయ్యిమందిని ఏడాదిపాటు గమనిస్తే అల్జీమర్స్ కొత్తగా వచ్చేది ఐదుగురి లోపే. కానీ అది చేసినవాళ్లు పసుపుని కొలవలేదు. అక్కడ ఆయుర్దాయం తక్కువ కావడం, జబ్బు వచ్చాక ఎక్కువకాలం బతక్కపోవడం, గమనించిన కాలం తక్కువ కావడం ఇవన్నీ కారణాలు కావచ్చని వాళ్లే రాసుకున్నారు. పసుపు కథ తర్వాతవాళ్లు అతికించారు. ఇప్పుడు దేశమంతటి లెక్కలు చూస్తే 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా, అంటే దాదాపు 88 లక్షల మంది. వాళ్లంతా పసుపు తిన్నవాళ్లే కదా.

పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపితే రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ చేరుతుందని 1998లో బెంగళూరువాళ్లే చూపించారు. క్యాప్సూళ్లవాళ్లు పట్టుకున్నది ఆ ముక్కనే. అదే పైపరిన్ మూర్ఛ మందులాంటి వాటి మోతాదుని కూడా రక్తంలో పెంచుతుంది. గట్టి మోతాదు పసుపు క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చి, 2023లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ హెచ్చరిక కూడా ఇచ్చింది. చారులో వేసే చిటికెడుతో ఏ గొడవా లేదు.

పాత_మాస్టారు | సోమవారం మధ్యాహ్నం 12:40

ఒప్పుకుంటున్నాను. సరస్వతి ఆకు మాత్రం వదలను.

అంకెల_పిచ్చి | సోమవారం మధ్యాహ్నం 12:58

పచ్చడి మానమని ఎవరన్నారు మాస్టారూ, మాకూ ఇంత పంపండి. ఒక్క చిక్కు ఏంటంటే బ్రాహ్మి పేరుతో రెండు వేరువేరు మొక్కలు అమ్ముతున్నారు. మీ పచ్చడిది గుండ్రటి ఆకుల సరస్వతి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ పనిచేసింది రెండోదాని మీద, చెమ్మ నేలలో పాకే నీటి బ్రాహ్మి. దాని మీద పన్నెండేసి వారాల చిన్న చిన్న పరీక్షలు ఉన్నాయి. కొందరిలో జ్ఞాపకం కొంచెం మెరుగైంది, కొందరికి కడుపు పాడైంది. డిమెన్షియాని ఆపుతుందని మాత్రం ఏ పరీక్షా తేల్చలేదు.

నిర్వాహకులు | సోమవారం మధ్యాహ్నం 3:10

"15 రోజుల్లో మతిమరుపు మాయం" అంటూ వాట్సాప్ నంబరు పెట్టిన సభ్యుడి పోస్టు తీసేశాం. మూడో నియమం మళ్లీ చెబుతున్నాం: ఈ వేదికలో మందులు, సప్లిమెంట్లు అమ్మడం, పంచడం కుదరదు. ఆ సీసా ఫొటోలోనే అడుగున సన్నగా "వైద్య అవసరాలకు కాదు" అని ఇంగ్లీషులో ఉంది. న్యూట్రాస్యూటికల్స్, అంటే ఆహారం కింద అమ్మే ఇలాంటి సప్లిమెంట్ల మీద ఆ ముక్క ఉండాలని ఆహార భద్రత సంస్థ నిబంధనే ఉంది. కొనేవాళ్లు ముందు ఆ లైను వెతకండి.

తెనాలి_అమ్మాయి | సోమవారం రాత్రి 9:15

నాన్నతో వీడియో కాల్‌లో డబ్బా తీయించి అన్నీ రాశాను.
షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 1000, రెండు పూటలా, మొదటినుంచీ.
బీపీకి టెల్మిసార్టన్.
పరగడుపున గ్యాస్ బిళ్ల, పాంటాప్రజోల్. ఐదారేళ్లుగా.
రాత్రిపూట హైడ్రాక్సిజిన్. రెండేళ్ల కిందట ఒంటి దురదకి ఇచ్చారట. దురద తగ్గింది కానీ "నిద్ర బాగా పడుతోంది" అని ఆపలేదట.
ఇంకోటి, అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయని అంటోంది. షుగర్ వల్లేనని ఊరుకున్నారు.

మందుల_కొట్టు | సోమవారం రాత్రి 10:50

అమ్మాయిగారూ, ఇది కొంచెం పెద్దగా రాయాలి.

మొదటిది విటమిన్ బి12. అది మాంసం, చేప, గుడ్డు, పాలలోనే ఉంటుంది. అమ్మకి వచ్చేదల్లా పాలూ పెరుగుల నుంచే. తిన్నదాంట్లోంచి బి12 విడివడాలంటే కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ బిళ్ల దాన్ని తగ్గించేస్తుంది. విడివడింది చిన్నపేగు చివర ఒంటికి పట్టాలి, ఏళ్లతరబడి వాడే మెట్‌ఫార్మిన్ అక్కడ అడ్డుపడుతుంది. మూడు వైపులా కోత పడుతోందన్నమాట. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే బి12 చూడమని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో డాక్టర్లకి చెప్పింది. తిమ్మిర్లు, తూలడం, నాలుక మంట, మతిమరుపు అన్నీ దాని లక్షణాలే. షుగర్ తిమ్మిర్లూ అచ్చం అలాగే ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పరీక్ష చేయించకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మొదలుపెట్టకండి. బి12 తక్కువై వచ్చిన రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అలాగని బలం బిళ్లలు రెండు మూడు రకాలు కలిపి మింగినా ముప్పే. బి6 అతి అయితే అదే తిమ్మిర్లు తెప్పిస్తుంది.

రెండోది ఆ రాత్రి బిళ్ల. హైడ్రాక్సిజిన్ పాతకాలపు అలర్జీ మందు. ముసలివాళ్లలో మెదడుని మబ్బుగా చేస్తుందని, వాడకుండా ఉంటే మంచిదని అమెరికా వృద్ధుల వైద్యుల జాబితాలోనే ఉంది. నా మాట విని రేపే ఆపేయకండి. బిళ్లల డబ్బా మొత్తం డాక్టర్ ముందు పెట్టి అడగండి.

బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, సోడియం, కిడ్నీ, కాల్షియం. అన్నీ ఒక్క సూదితో అయిపోతాయి.

వరంగల్_పోరడు | మంగళవారం ఉదయం 6:40

కాల్షియం అన్నరు కాబట్టి మా నాయిన ముచ్చట చెప్త. పోయినేడు విటమిన్ డి తక్కువున్నదని 60,000 యూనిట్ల పొడి పొట్లాలు రాసిన్రు, వారానికొకటి. చీటీ మీద ఆ "వారానికి" అన్న ముక్క ఎవ్వరికి అర్థం కాలె. రోజుకొకటి పాలల్ల కలుపుకొని తాగిండు, దగ్గర దగ్గర రెండు నెలలు. బొక్కలకు బలం, బుర్రకు బలం అని మేమే యాది చేసి మరీ ఇచ్చినం.

ఇగ ఆకలి పోయింది, ఒకటే దూప, మలబద్ధకం. తర్వాత నన్ను పట్టుకొని చచ్చిపోయిన మా చిన్నాయన పేరుతోని పిలుసుడు మొదలుపెట్టిండు. రాత్రి రెండింటికి లేచి చెప్పులేసుకొని పొలానికి పోత అంటుండె. మతి పోయింది, ఇగ ఇంతే అనుకున్నం. రక్తం పరీక్షల కాల్షియం 13.8 వచ్చింది, పదిన్నర దాటద్దట. ఆరు రోజులు దవాఖానల సెలైన్ ఎక్కిచ్చిన్రు. మనిషి మళ్ల మనిషి అయ్యేసరికి నెల పట్టింది. గా ఖాళీ పొట్లాలు రబ్బరు బ్యాండేసి ఇప్పటికి దాచిపెట్టిన, యాభై మూడు ఉన్నయి.

బీచ్‌రోడ్డు | మంగళవారం ఉదయం 9:12

ఏటండీ ఇది, బిళ్లల గురించి ఇంత రాశారు, చేప గురించి ఒక్కరూ మాట్లాడరేటి? మాది వైజాగ్ ఫిషింగ్ హార్బర్ పక్కనే. కవళ్లు, కానాగంతలు తింటే చాలు, ఒమేగా సీసా ఎందుకు? పైగా వంజరం కన్నా ఎంతో చవక.

అంకెల_పిచ్చి | మంగళవారం ఉదయం 10:30

ఈ విషయంలో నేనూ బీచ్‌రోడ్డు పార్టీయే. చేప తినేవాళ్లలో మతిమరుపు తక్కువని చాలాచోట్ల గమనించారు. అదే నూనెని క్యాప్సూల్లో పోసి ఏళ్లపాటు పరీక్షిస్తే మాత్రం పెద్దగా ఏమీ తేలలేదు. బి విటమిన్లు, విటమిన్ ఇ, ఒమేగా 3, ఇవన్నీ కలిపిన మాత్రలు మతిమరుపు రాకుండా ఆపడానికి సిఫార్సు చెయ్యొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రాసింది. లోపం ఉన్నవాళ్ల సంగతి వేరు, దాన్ని పూడ్చాల్సిందే.

అవిసె గింజల గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: అందులోని ఒమేగా వేరే రకం. మన ఒంట్లో డీహెచ్‌ఏగా మారేది చాలా కొద్ది. కారప్పొడిలో కొట్టుకోండి, రుచిగా ఉంటుంది.

కంచం_లెక్క | మంగళవారం మధ్యాహ్నం 1:25

నేను డైటీషియన్‌ని. తెనాలి అక్కా, ఒక పని చేస్తారా? సెలవు పెట్టి మూడు రోజులు ఊరెళ్లి అమ్మ ఏం తింటోందో రాయండి. అడగొద్దు, అడిగితే "అన్నీ తింటున్నానే" అంటారు. ఎదురుగా కూర్చుని కంచం చూడండి.

తెనాలి_అమ్మాయి | ఆదివారం సాయంత్రం 6:05

వెళ్లొచ్చాను. నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను.

శుక్రవారం. ఉదయం 6కి కాఫీ, రెండు మారీ బిస్కెట్లు ముంచుకుని. 9:30కి ఇడ్లీ రెండు, చట్నీ నీళ్లగా. మధ్యాహ్నం చారన్నం మెత్తగా పిసికి, తర్వాత పెరుగన్నం. దోసకాయ పప్పు చేసి నాన్నకి రెండుసార్లు వడ్డించింది, తను వేసుకోలేదు. సాయంత్రం కాఫీ, బిస్కెట్లు. రాత్రి మజ్జిగన్నం.

శనివారం అదే వరుస. నేను పట్టుబట్టి గోరుచిక్కుడు కూర వేశాను. రెండు ముద్దలు తిని, నాన్న చూడకుండా నోట్లోంచి తీసి కంచం అంచున పెట్టి, పైన కరివేపాకు కప్పేసింది.

రాత్రి కట్టుడు పళ్ల సెట్టు తీసి స్టీలు గిన్నెలో వేస్తున్నప్పుడు టార్చితో చూశాను. కింది చిగురు ఒకవైపంతా ఎర్రగా ఒరుసుకుపోయింది. ఏడాది నుంచి అంతేనట. "పళ్లకి మళ్లీ డబ్బు ఖర్చెందుకు" అని ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా మా అమ్మ నమలడమే మానేసింది. నేనేమో కార్టులో సీసాలు పెడుతున్నాను.

కంచం_లెక్క | ఆదివారం రాత్రి 7:48

బాధపడకండి అక్కా. ఇది చాలా ఇళ్లలో చూస్తుంటాను. నమలలేనివాళ్లు ముందు కూరలు, తర్వాత పప్పు, ఆఖరికి అన్నీ వదిలేసి మెత్తటి అన్నం, బిస్కెట్లకి వచ్చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకి అంతకన్నా అన్యాయమైన తిండి లేదు.

వారంలోపు పళ్ల డాక్టర్‌కి చూపించండి. కొత్త సెట్టే అక్కర్లేకపోవచ్చు, ఒరుసుకునే చోట సరిచేస్తారు. అప్పటిదాకా పెసరపప్పులో పాలకూరో తోటకూరో వేసి మెత్తగా మెదిపి పెట్టండి. అన్నం తగ్గించి పప్పు పెంచండి. పెసరట్టు దోరగా కాకుండా మెత్తగా పోసి, అల్లం పచ్చడి కాకుండా వేరుశనగ పచ్చడితో. బీరకాయ, సొర, పొట్ల పాలు పోసి వండితే చిగుళ్లతోనే తినేయొచ్చు. పనీర్ తురిమి ఉప్మాలో కలపండి. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా. రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టడం మాత్రం మాన్పించండి.

మెదడుకని ప్రత్యేకంగా ఒక ఆహార పద్ధతి ఉంది, మైండ్ డైట్ అంటారు: ఆకుకూరలు, గింజలు, పప్పులు, చేప, బెర్రీలు. అలా తినేవాళ్లలో మతిమరుపు బాగా తక్కువని 2015లో గొప్పగా చెప్పారు. 2023లో 604 మంది మీద మూడేళ్లు పరీక్షించినప్పుడు మామూలు తిండిని కొంచెం తగ్గించి తిన్నవాళ్లకీ వీళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆరు వందలు పెట్టి బ్లూబెర్రీలు కొంటూ ఉంటారు, ఇంట్లో తోటకూర కట్ట వాడిపోతూ ఉంటుంది. ఒళ్లు మండుతుంది.

డాలస్_బాబాయ్ | సోమవారం ఉదయం 5:55

మా అమెరికాలో జరిగిన ఒక మంచి సంగతి చెబుతా. మామూలు మల్టీవిటమిన్ మాత్ర మూడేళ్లు వేసుకున్న 60 దాటినవాళ్లలో జ్ఞాపకశక్తి కొంచెం మెరుగ్గా ఉందని 2022లో, మళ్లీ 2023లో వచ్చింది. కాస్మోస్ అని పెద్ద పరీక్ష. అదీ లేదనకండి.

అంకెల_పిచ్చి | సోమవారం ఉదయం 10:11

లేదనను బాబాయ్, అది మంచి పరీక్షే. తేడా చిన్నది. పాల్గొన్నవాళ్లు ఎక్కువమంది తెల్లజాతి అమెరికన్లు, మాత్రలు ఇచ్చింది వాటిని తయారుచేసే కంపెనీ. అదే పరీక్షలో కోకో సారం ఏమీ చెయ్యలేదు. మీ టీవీలో జెల్లీఫిష్ ప్రోటీన్ బిళ్ల ప్రకటన వచ్చేది గుర్తుందా? 2017లో అమెరికా ప్రభుత్వమే దాని మీద కోర్టుకెళ్లింది. జ్ఞాపకశక్తి పెంచుతుందని చెప్పుకోవద్దని 2024 చివర్లో ఉత్తర్వు వచ్చింది. మధ్యలో ఏడేళ్లూ అమ్ముకున్నారు.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ డిమెన్షియాకి దారితీసే వాటిలో మనం మార్చుకోగలిగినవి 14 లెక్కపెట్టింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం, తలకి దెబ్బ, సిగరెట్, పొగగాలి ఇలాంటివి. ఆ 14లో మాత్రల సీసా ఒక్కటీ లేదు. శుక్లాల ఆపరేషన్ వాయిదా వేస్తూ బాదంపప్పు నానబెట్టే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు, మా ఇంటితో సహా.

తెనాలి_అమ్మాయి | ఏడు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:30

అందరికీ ఒకసారి చెప్పాలని వచ్చాను.

బి12 142 వచ్చింది. ఆ ల్యాబ్‌లో 200 పైన ఉండాలట. హిమోగ్లోబిన్ 10.4. థైరాయిడ్ కొంచెం తేడాగా ఉంది, మళ్లీ చూస్తామన్నారు. డాక్టర్‌గారు మొదట్లో రోజు విడిచి రోజు బి12 ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత వారానికొకటి చేశారు. మెట్‌ఫార్మిన్ ఆపలేదు, షుగర్‌కి అది కావాలన్నారు. గ్యాస్ బిళ్ల మెల్లగా తగ్గించి మాన్పించారు. మొదటి వారం ఛాతీలో మంట అని నాన్న ప్రాణం తీసింది, తర్వాత సర్దుకుంది. రాత్రి బిళ్ల ఆపేశారు. నాలుగు రోజులు నిద్ర లేదని నాతో మాట్లాడలేదు.

పళ్ల సెట్టు సరిచేయించాం. ఇప్పుడు గోరుచిక్కుడు తింటోంది. నాన్న వీడియో తీసి పంపారు, "నన్నేం చూస్తావు, అన్నం తిను" అని ఆయన్ని కసురుతోంది.

మతిమరుపు పోయిందా అంటే పోలేదు. మధ్యాహ్నాలు ఆ మబ్బు లేదు, మాట చురుగ్గా ఉంది, కాళ్ల తిమ్మిరి సగం తగ్గింది. కానీ నిన్న ఒకే విషయం మూడుసార్లు అడిగింది. మొదటిసారి వెళ్లినప్పుడు ప్రశ్నలడిగి చేసే పరీక్షలో 30కి 23 వచ్చాయి, మూడు నెలలకి మళ్లీ చేస్తామన్నారు. అప్పటికీ అలాగే ఉంటే ఎంఆర్‌ఐ. బి12 ఒక్కటే కారణమో కాదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

కార్టు ఖాళీ చేశాను. ఆ డబ్బు పళ్ల డాక్టర్‌కే సరిపోయింది.

మందుల_కొట్టు | శనివారం రాత్రి 9:02

సంతోషం అమ్మా. గ్యాస్ బిళ్ల మానిపించడం నేను అనుకోలేదు, మంచి డాక్టరే దొరికారు. ఇంజెక్షన్లు అయ్యాక ఎప్పటిదాకా వాడాలో రాయించుకోండి. కాస్త బాగుందనగానే మానేసి మళ్లీ మొదటికొచ్చేవాళ్లు నా కొట్టుకి వస్తూనే ఉంటారు.

పాత_మాస్టారు | శనివారం రాత్రి 9:20

నేనూ పరీక్ష చేయించుకున్నాను. నా బి12 188. ఆవర్తన పట్టిక వచ్చినంత మాత్రాన సరిపోదన్నమాట.

డాలస్_బాబాయ్ | ఆదివారం ఉదయం 6:18

మా కార్డియాలజిస్టు జింకో మాట వినగానే కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. ఆపేశాను. సీలు విప్పని సీసాలు రెండు మిగిలాయి. ఎవరికైనా కావాలా?

నిర్వాహకులు | ఆదివారం ఉదయం 6:40

మూడో నియమం బాబాయ్.